దీపం డబ్బు

మా ఫ్యాక్టరీ సంబళం లెక్క నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గంటకు అరవై రూపాయలు. రాత్రి పది దాటాక చేసే ప్రతి గంటకూ పైన ఇంకో పదిహేను. ఎనిమిది గంటల షిఫ్టు దాటి నిలబెడితే ఓవర్‌టైమ్, అంటే రెండింతలు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒక్కచోటే. పది దాటిన గంట ఓవర్‌టైమ్ గంట కూడా అయినప్పుడు రెండింతలు చేయాల్సింది అరవైనా, డెబ్బై ఐదునా? కంపెనీ అరవై అంది. నేను డెబ్బై ఐదు అన్నాను. ఈ ఒక్క ముక్క కోసం ఫ్యాక్టరీలో కొట్లాడాను, ఇంట్లో కొట్లాడాను, నాతో కుట్టేవాళ్లతో కూడా కొట్లాడాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

పేర్లు రాయను. మాలో అందరూ ఇంకా ఆ మిషన్ల ముందే కూర్చుంటున్నారు, నేనూ కూర్చుంటున్నాను. గుడియాత్తం నుంచి వేలూరు వెళ్లే దారిలో ఉంది ఫ్యాక్టరీ. విదేశాలకు పోయే బూట్ల పైతోలు కుట్టే లైను మాది. ఒక వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు, మరో వారం రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు వరకు. మా తోడికోడలిదీ అదే లైను. బావగారి భార్య కాబట్టి అక్కా అంటాను. ఆమె చిత్తూరు పిల్ల. మా గుడియాత్తంలో ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే, పళ్లెంలో బియ్యప్పిండి పరిచి వేలితో రాయించి. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే ఆమె చలవే. ఈ తగవులో నాకు మొట్టమొదట అడ్డం తిరిగింది కూడా ఆమే.

మా ఆయన షేర్ ఆటో నడుపుతాడు. ఫ్యాక్టరీ వ్యాను ఇంటి ముందు దింపుతుందని కాగితంలో రాసి ఉంటుంది గాని నిజానికి బస్టాండు దగ్గర దింపి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి ఇంటికి చాలా దూరం. ఆటో మొగుడు ఉండి కూడా తెల్లవారి వ్యాను దిగాక నేను ఇంకొకడి ఆటో నిండేదాకా కూర్చోవాలి. రమ్మంటే, "ఆ టైముకు నాకు మార్కెట్టు సవారీ ఉండాది కదే" అనేవాడు. "నేనూ సవారీనే, దుడ్డు ఇస్తా, రా" అన్నాను ఒకసారి. నవ్వాడు గాని రాలేదు. అప్పుడే అనుకున్నాను, ఒక స్కూటీ కొనాలని. అదొక్కటే నా కోరిక. ఆ మాట ఎత్తితే, "ఆడదానివి, రాత్రి చీకట్లో బండేసుకోని యాడికి పోతావు?" అన్నాడు. ఆ చీకట్లోనే ఆడదాన్ని సంపాదించుకుని వస్తున్నానని ఆయనకు తోచలేదు.

నా సంబళం బ్యాంకులో పడేది. కార్డు ఆయన చొక్కా జేబులో ఉండేది. డబ్బు పడినట్టు మెసేజి వచ్చేది కూడా ఆయన ఫోనుకే. ఎందుకంటే ఖాతా తెరిచిన రోజు నాకు ఫోను లేదు. అబద్ధం చెప్పకూడదు, ఆయన తాగుబోతు కాదు, కొట్టడు. అడిగితే ఇచ్చేవాడు. ఇచ్చే ముందు మాత్రం ప్రతిసారీ ఒక మాట అనేవాడు: "ఎందుకో చెప్పి తీసుకో." చెప్పులకైనా, మాత్రలకైనా, మా అమ్మకు పండ్లకైనా ఎందుకో చెప్పి తీసుకోవాలి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అందుకే మాకు రాత్రి డబ్బు అంత ముద్దు. దాని కథ మా అమ్మవాళ్ల కాలం నుంచి ఉంది. మా నాయన లుంగీ మగ్గం నేసేవాడు. పండగ సరుకు తొందరగా కావాలంటే దీపం పెట్టాక కూడా మగ్గం ఆడేది. అలా నేసిన లుంగీలకు నూలు ఇచ్చే షావుకారు కొంచెం ఎక్కువ ఇచ్చేవాడు. ఆ ఎక్కువను మాత్రం షావుకారు మా నాయన కూలితో కలిపేవాడు కాదు. విడిగా, రెండు తమలపాకుల్లో పెట్టి, ఆ ఇంటి ఆడమనిషి చేతికే ఇచ్చేవాడు. రాత్రంతా కండెలు చుట్టి మగ్గానికి అందించేది ఆమే కదా. దాన్ని దీపం డబ్బు అనేవాళ్లు. ఆ డబ్బు ఏమైందని మొగుడు అడగకూడదు, అడిగితే నలుగురూ నవ్వేవాళ్లు. మా అమ్మ కమ్మలు దీపం డబ్బే, నా బడి బట్టలు దీపం డబ్బే.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు మొదలుపెట్టినప్పుడు ఆఫీసులో సంబళాలు చూసే ఆయన మమ్మల్ని పిలిచి, మా ఇష్టం మీదే వస్తున్నామని సంతకాలు తీసుకున్నాడు. ఈ పదిహేను రూపాయల రాత్రి బేటా కూడా బ్యాంకులోనే వేస్తామన్నాడు. అంతే, మా లైనంతా ఒక్కసారిగా లేచింది. బ్యాంకులో వద్దు, చేతికివ్వండి, విడిగా కవరులో పెట్టి ఇవ్వండి అని గోల చేశాం. లైనులో ముప్పాతిక మంది మగ్గం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. రాత్రి పనికి వచ్చే పైడబ్బు ఆడదాని చేతికి విడిగా రావాలన్నది మాకు ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. ఆయన కాసేపు ఆలోచించి, నవ్వి, సరేనన్నాడు. మా మాట నెగ్గిందని వ్యానులో పాటలు పాడుకుంటూ వచ్చాం. ఆ నవ్వు ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు.

నా కవర్లు బియ్యం డబ్బాలో అడుగున చేరేవి. స్కూటీకి మొదట కట్టాల్సిన డబ్బు కొంచెం కొంచెంగా పోగవుతూ వచ్చింది. అక్క కవరు నేరుగా చీటీకి పోయేది. బావగారు తాకట్టు పెట్టిన తన గొలుసును ఆయనకు చెప్పకుండా విడిపించుకోవాలని ఆమె పట్టుదల.

తర్వాత పెద్ద ఆర్డరు వచ్చింది. రెండో షిఫ్టు వాళ్లను పది తర్వాత కూడా, రాత్రి రెండు వరకు నిలబెట్టారు. నడుము పడిపోయింది గాని నాకు ఆశ ఎక్కువ. అరవైకి పదిహేను కలిపితే డెబ్బై ఐదు, రెండింతలు చేస్తే గంటకు నూట యాభై. ఆ నెలతో నా బండి ఇంటి ముందు ఉంటుందనుకున్నాను. సంబళం స్లిప్పు చూస్తే ఓవర్‌టైమ్ గంటకు నూట ఇరవై వేసి ఉంది. కవరులో మామూలుగా ఆ గంటలకు పదిహేను చొప్పున పెట్టారు. రెండూ కలిపినా నూట ముప్పై ఐదు. గంటకు పదిహేను రూపాయలు ఎక్కడో జారిపోయాయి.

సంబళాల కిటికీ దగ్గరికి పోయి అడిగాను. ఆయన మాట్లాడేది తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను.

"అమ్మా, ఓవర్‌టైమ్ అంటే సంబళానికి రెండింతలు. రాత్రి బేటా సంబళం కాదు. కంపెనీ మీ మీద ప్రేమతో ఇచ్చేది."

"గంట లెక్కన ఇచ్చే ప్రేమా సార్? నేను రాని రోజు ఇవ్వరు కదా ఆ ప్రేమ?"

"స్లిప్పులో ఉన్నదే సంబళం. అది స్లిప్పులో లేదు. విడిగా కవరులో కావాలని అడిగింది మీరే కదా?"

నిజమే, అడిగింది మేమే. ఆ రోజు ఆయన ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. మాకు మర్యాద అనిపించినది ఆయనకు లాభం అనిపించింది.

నా సెలవు రోజున వేలూరులో కార్మికుల ఆఫీసుకు పోయాను. అక్కడి ఆఫీసరమ్మ నేను చెప్పిందంతా విని, ఇది కూలే, రెండింతల్లో కలపాల్సిందే అంది. నా ప్రాణం లేచి వచ్చింది. మళ్లీ ఆమే, "కానీ నువ్వు చేతికి తీసుకున్న కవరును నేను ఎక్కడని చూడాలమ్మా? ముందు దాన్ని స్లిప్పులోకి ఎక్కించమని అందరూ కలిసి అడగండి. ఒప్పుకోకపోతే నా దగ్గరికి రండి" అంది. స్లిప్పులోకి ఎక్కితే బ్యాంకులోకి పోతుంది. బ్యాంకులోకి పోతే మా ఆయన ఫోనులో మోగుతుంది. బస్సులో గుడియాత్తం చేరేదాకా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. న్యాయంగా రావాల్సింది అడిగితే నాదంటూ ఉన్న ఒక్క కవరు పోతుంది. కవరు ఉంచుకుంటే న్యాయం పోతుంది. రెండింటిలో ఒకటి వదులుకోమంటే నేను వదులుకునే రకం కాదు. కానీ దారి మాత్రం కనబడలేదు.

మర్నాడు క్యాంటీనులో అందరికీ చెప్పాను. నేను ముగించకముందే అక్క టీ గ్లాసు ఠక్కుమని బల్లమీద పెట్టింది.

"ఏమే, నీకేమైనా పిచ్చి పట్టిందా? దుడ్డు బ్యాంకులో పడితే మీ బావ చేతికి పోతాది. నా గొలుసు ఇంక ఈ జన్మకు రాదు."

"అక్కా, గంటకు పదైదు రూపాయలు వాళ్లు తింటాండారు."

"తింటే తిననీ. ఆ పదైదు నాకు వచ్చినా నా చేతికి రాదు. ఈ పదైదు నా చేతిలో ఉండాది. నా కవరు మీద చెయ్యేస్తివా, నీ మొగం చూడను."

ఆమె అన్న దాంట్లో తప్పేముంది? అందరూ ఆమె వైపే తల ఊపారు. ఆ వారమంతా ఒకే ఇంట్లో ఉండి, ఒకే వ్యానులో పోయి, పక్కపక్క మిషన్ల మీద కుడుతూ ఆమె నాతో పలకలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆమె చూస్తుందని.

ఉక్రోషంతో మా అమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఇంకా గుడియాత్తంలోనే, మా వీధికి నాలుగు వీధుల అవతల, అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని, చెయ్యి ఆపకుండా నా కథంతా విన్నది. తర్వాత నేనెన్నడూ వినని సంగతి ఒకటి చెప్పింది. దీపావళికి షావుకారు ఏడాది కూలి మీద లెక్కగట్టి బోనసు ఇచ్చేవాడట. ఆ లెక్కలో దీపం డబ్బు కలిపేవాడు కాదట.

"నువ్వు అడగలేదా మా?"

"ఎట్లా అడిగేది తల్లీ? అడిగితే మొత్తం ఎంతనో మీ నాయన ముందర చెప్పల్ల. నా కమ్మలు, నా చీటీ అంతా బయటపడతాది. దానికే నోరు మూసుకోనుంటిని. షావుకారుకు అది బాగా తెలుసు."

"అంటే తమలపాకుల్లో పెట్టి ఇచ్చింది..."

"నా నోరు కొనుక్కునేదానికే" అని బీడీకి దారం బిగించింది.

మా అమ్మ ఈ మాట కోపంగా కూడా అనలేదు. ఆ కోపం నాకు వచ్చింది. చిన్నప్పుడు ఆ తమలపాకులు చూసి ఎంత మురిసిపోయానో! అమ్మకు లెక్క తెలుసు, షావుకారుకు లెక్క తెలుసు, మధ్యలో మా నాయన ఒక్కడికి తెలియకూడదని ఇద్దరూ జాగ్రత్తపడ్డారు. ఆ జాగ్రత్త విలువ ఎంతో షావుకారు ప్రతి దీపావళికీ మిగుల్చుకున్నాడు. మా ఆఫీసులో ఆయనా అంతే. మేము ఇంట్లో భయపడినంత కాలం ఆయనకు ఫ్యాక్టరీలో భయం లేదు. అంటే ముందు తెంచాల్సిన ముడి ఫ్యాక్టరీలో లేదు.

తర్వాతి సెలవు రోజున నేను బ్యాంకుకు పోయాను. పాసుబుక్కు, ఆధార్ కార్డు తీసుకుని, భయం భయంగానే పోయాను. కౌంటరులో ఉన్న అమ్మాయిని, ఫోను నంబరు మార్చాలంటే, పాత కార్డు ఆపి కొత్త కార్డు తీసుకోవాలంటే మా ఆయన రావాలా అని అడిగాను. ఆ అమ్మాయి నావైపు వింతగా చూసింది.

"ఖాతా ఎవరిదమ్మా?"

"నాదే."

"మరి ఆయనెందుకు?"

ఇంతే! ఇన్నేళ్లు ఈ ఒక్క ప్రశ్న నేనూ వేసుకోలేదు, మా లైనులో ఒక్కరూ వేసుకోలేదు. మగ్గం ఇంట్లో కూలి ఇంటి మొత్తానికి వచ్చేది, పుచ్చుకునేది మగవాడు. ఖాతా కూడా అలాంటిదే అనుకున్నాం. నేను సంతకం పెట్టి బయటికొచ్చి, బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఒంటరిగా నవ్వుకున్నాను.

కొత్త కార్డు తీసుకుపోయి క్యాంటీనులో బల్లమీద పెట్టాను. "కవరు పోతే పోనీ. ఇదే ఇంక మన కవరు" అన్నాను. అందరూ చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు చొప్పున బ్యాంకుకు పోవడం మొదలైంది. అక్క చివర్న వచ్చింది. ఫారం మీద సంతకం పెడుతూ, "మీ బావ ఇంట్లో నుంచి తరిమితే నీ దగ్గరికే వస్తా" అంది. "ఒకే ఇల్లు కదక్కా, యాడికి వస్తావు?" అన్నాను. అన్ని వారాల తర్వాత ఆమె నన్ను చూసి నవ్వింది.

అప్పుడు అందరం కలిసి ఆఫీసుకు పోయాం. రాత్రి బేటా స్లిప్పులో ఎక్కించండి, ఓవర్‌టైములో కలిపి రెండింతలు చేయండి అన్నాం. సంబళాలాయన మమ్మల్ని బయట నిలబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు.

"వీళ్లందరికీ ఎక్కించింది నువ్వేనని తెలుసు. చూడమ్మా, నీ ఒక్కదాని కవరు కొంచెం లావు చేయడం నా చేతిలో పని. ఎవరికీ తెలియదు."

మా అమ్మ చెప్పిన తమలపాకులు గుర్తొచ్చాయి. తలుపు బార్లా తీసి, వరండాలో అందరికీ వినబడేలా తెలుగులో అరిచాను. "అక్కా, సారు నా ఒక్కదానికి కవరు లావు చేస్తాడంట! నీకు ఎంత లావు కావాల్నో నువ్వూ వచ్చి చెప్పు!"

ఆయన మొహం మాడిపోయింది. రాత్రి షిఫ్టు నుంచి ఆడవాళ్లనే తీసేస్తానన్నాడు. "తీసేయండి సార్. తొందరగా పోవాల్సిన బూట్లు ఎవరితో కుట్టిస్తారో కుట్టించుకోండి" అన్నాను. పైకి అన్నాను గాని, రాత్రి షిఫ్టు పోతే కవరూ లేదు, స్లిప్పూ లేదు, స్కూటీ అసలే లేదు. నన్ను నమ్మి బ్యాంకు దాకా వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి?

ఆ రోజు మాది రెండో షిఫ్టు. పదింటికి సైరను మోగింది. సూపర్‌వైజరు వచ్చి మామూలుగా, రెండు దాకా ఉండాలమ్మా అన్నాడు. అందరికన్నా ముందు అక్క మిషను ఆపింది. ఆమె లేవగానే లైనంతా లేచింది. కుట్టిన తోళ్లు పద్ధతిగా సర్ది, చేతులు కడుక్కుని, వ్యాను దగ్గర వరసగా నిలబడ్డాం. ఎవరూ కేక వేయలేదు. మర్నాడూ అదే చేశాం. మూడో రోజు మధ్యాహ్నం మేము లోపలికి పోయేసరికి నోటీసు బోర్డు మీద కాగితం ఉంది. రాత్రి బేటా ఇకమీద స్లిప్పులోనే, ఓవర్‌టైము లెక్కలో కలిపే, అని. పాత నెలలవి ఇస్తామని అందులో లేదు. వాటి కోసం వేలూరు ఆఫీసరమ్మకు అర్జీ ఇచ్చాం. అది ఇంకా తేలలేదు, నేనూ వదల్లేదు.

మళ్లీ సంబళం రోజు వచ్చింది. మెసేజి నా ఫోనులో మోగింది. ఓవర్‌టైము గంటకు నూట యాభై. నేను ఆ రోజు చేసిన మొదటి పని అక్కను వెంటబెట్టుకుని స్కూటీ షాపుకు పోవడం. బియ్యం డబ్బాలో పోగైనదీ, కొత్త కార్డుతో తీసినదీ కలిపి మొదటి డబ్బు కట్టాను. అక్క నన్ను వెనక కూర్చోబెట్టుకుని బండి ఇంటికి తెచ్చింది. ఆమెకు నడపడం వచ్చునని నాకు అంతవరకూ తెలియదు.

సాయంత్రం మా ఆయన ఆటో దిగి స్కూటీ చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. తర్వాత లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"నాకు మెసేజి రాలేదే?"

"నాకు వచ్చింది."

"కార్డు కూడా పనిచెయ్యలేదు. పెట్రోలు బంకులో నలుగురి ముందర నా పరువు పోయింది."

"అది పాతది. కొత్తది నా దగ్గర ఉండాది."

"అయితే ఈ బండికి కట్టిన దుడ్డు ఇన్నాళ్లూ యాడుండె?"

"నా రాత్రి దుడ్డు అది, నా దగ్గరే ఉండె. ఇకమీద కూడా నా దగ్గరే ఉంటాది. దాచి కాదు, చెప్పే."

అరుస్తాడనుకున్నాను, అరిస్తే అరవడానికి నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఆయన మంచం మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒక్క క్షణం నాకు జాలి కూడా కలిగింది. జాలి కలిగిందని మనసు మార్చుకోలేదు. లోపలికి పోయి, మధ్యాహ్నమే సిద్ధం చేసి పెట్టినది తెచ్చాను. రెండు తమలపాకులు, వాటి మీద ఒక కవరు. ఫ్యాక్టరీ వాళ్లు మాకిచ్చే కవరే అది, పాతది, దాచుకున్నాను.

"ఇదేంది?"

"నీకు. ఈ నెల పెట్రోలుకు."

ఆయన కవరు తెరిచి లోపలికి చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే. చాలకపోతే అడుగు, ఇస్తా" అన్నాను. తాళం చెవి తీసుకుని, రాత్రి షిఫ్టుకు అక్కను పిలుస్తూ గడప దాటి, వెనక్కి తిరిగి మిగతాది కూడా అన్నాను. "ఎందుకో చెప్పి తీసుకో."